పాత డీజిల్ కారు ఘాట్‌లో వేడెక్కుతోంది, ఏ కూలెంట్ పోయాలి?

అందరికీ నమస్కారం. ఈ మధ్యే 2012 మోడల్ డీజిల్ కారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఊళ్లో తిరిగితే ఏ ఇబ్బందీ లేదు. ఏసీ వేసుకుని శ్రీశైలం ఘాట్ ఎక్కితే మాత్రం టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత దాకా పోతోంది. ఏసీ ఆపితే కొంచెం దిగుతుంది. కార్లో అమ్మానాన్న ఉంటారు కాబట్టి టెన్షన్‌గా ఉంది.

ఇంజిన్ చల్లారాక కూలెంట్ డబ్బా చూస్తే తుప్పు రంగు నీళ్లు ఉన్నాయి. పాత ఓనరు బోరు నీళ్లే పోస్తూ వచ్చారట. మా వైపు బోరు నీళ్లలో సున్నం ఎక్కువ, రేడియేటర్ లోపల పొర కట్టి ఉంటుందని నా అనుమానం. ఫ్యాన్ తిరుగుతోంది, ఎక్కడా కారడం లేదు, ఇంజిన్ ఆయిల్ పాలలా తెల్లబడలేదు, అంటే అందులో నీళ్లు కలిసినట్టు లేదు.

మాన్యువల్‌లో ఓఏటీ రకం (తుప్పు పట్టకుండా సేంద్రియ ఆమ్లాలు కలిపిన) కూలెంట్ అని ఉంది. మెకానిక్ ఏమో "ఆకుపచ్చదైనా ఎర్రదైనా ఒకటేనండీ, ఉన్నదాంట్లో పోసేద్దాం" అంటున్నాడు. రంగును బట్టి రకం చెప్పలేమని, వేరే రకాలు కలిస్తే తుప్పును ఆపే గుణం తగ్గుతుందని చదివాను. అందుకే ఒప్పుకోలేదు.

మొత్తం తీసేసి ఫ్లష్ చేయిస్తే ఆ సున్నం పొర పోతుందా, లేక రేడియేటర్ విప్పి కడిగించాల్సిందేనా? గడ్డకట్టేంత చలి మనకు లేదు కదా, కూలెంట్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో 50:50 కలపాలా, 30:70 (కూలెంట్ 30, నీళ్లు 70) చాలా? పనిలో పనిగా థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే వాల్వ్), రేడియేటర్ మూత కూడా మార్చేయమంటారా? పాత డీజిల్ బండ్లు నడిపినవాళ్లు దయచేసి చెప్పండి.