సియెం రీప్ ప్రయాణానికి దసరా సెలవులు మంచివా, సంక్రాంతి సెలవులు మంచివా?

టెక్కలి మాస్టారు:

సభ్యులందరికీ నమస్కారం. నేను, నా భార్య, డెబ్బై ఏళ్లు దాటిన మా అమ్మానాన్నలు, ఐదో తరగతి చదువుతున్న మా అమ్మాయి కలిసి కంబోడియాలోని సియెం రీప్ వెళ్లాలనుకుంటున్నాము. ఆంగ్‌కోర్ వాట్ చూడాలన్నది నాన్నగారి కోరిక. గుళ్లతో పాటు అక్కడి పెద్ద సరస్సును, కొండలను కూడా చూడాలని నాకు ఉంది. మాకు వీలయ్యేవి రెండే సమయాలు: దసరా సెలవులు లేదా సంక్రాంతి సెలవులు. సంక్రాంతికైతే, పెద్దపండుగ నాడు పెద్దలకు బట్టలు పెట్టకుండా ఇల్లు కదలడానికి అమ్మ ఒప్పుకోదు కనుక, కనుమ తరువాతే బయలుదేరగలము. అమ్మ శాకాహారి, పైగా ఆమెకు మోకాళ్ల నొప్పి ఉంది. ఏ సమయం మేలు, వేటిని వదిలేయవచ్చు అన్నది తెలిసినవారు చెప్పగలరు.

వంశధార గట్టు (శ్రీకాకుళం):

మాస్టారికి నమస్కారం. పెద్దవాళ్లతో వెళ్తున్నారు కాబట్టి జనవరికే నా ఓటు. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో అక్కడ వానలు జోరుగా ఉంటాయి. జనవరిలో పొడి వాతావరణం, ఎండ కూడా కొంత తక్కువ. ఇంకొక సంగతి, అక్టోబరు మన జిల్లాకు తుపానుల నెల. 2018లో తిత్లీ వచ్చింది కూడా దసరా రోజుల్లోనే. ఆ నెలలో జీడితోటను, కొబ్బరిచెట్లను వదిలి విదేశం వెళ్లినవారికి అక్కడ మనసు నిలవదు.

ఆంగ్‌కోర్ గుళ్లు చూడటానికి మూడు రోజుల టికెట్టు మీకు సరిపోతుంది. దాని ధర 62 డాలర్లు, ఒక్క రోజుదైతే 37 డాలర్లు. మూడు రోజుల టికెట్టును పది రోజుల గడువులో ఏ మూడు రోజులైనా వాడుకోవచ్చు కనుక, మధ్యలో ఒక రోజు పెద్దవాళ్లకు విశ్రాంతి ఇవ్వండి. పన్నెండేళ్ల లోపు పిల్లలకు టికెట్టు అక్కరలేదు గానీ వయసు చూపడానికి పాస్‌పోర్టు దగ్గర ఉండాలి. ఆంగ్‌కోర్ వాట్‌లో అన్నిటికంటే పై అంతస్తుకు ఆ వయసు పిల్లలను ఎక్కనివ్వరు. మెట్లు నిటారుగా ఉంటాయి కాబట్టి అమ్మగారు కూడా కిందే ఉండటం మంచిది. కిందనే ఉన్నా ఆమెకు లోటేమీ ఉండదు, ఎందుకంటే చూడవలసిన శిల్పమంతా మొదటి అంతస్తు వసారాల గోడల మీదే ఉంది. పడమటి వసారాలో ఒక పక్క కురుక్షేత్ర యుద్ధం, అందులో అంపశయ్య మీద భీష్ముడు, మరొక పక్క లంకాయుద్ధం కనిపిస్తాయి. తూర్పు వసారాలో దాదాపు 49 మీటర్ల పొడవున క్షీరసాగర మథనం సాగుతుంది. నాన్నగారికి ఎవరూ కథ చెప్పనవసరం లేదు, ఆయనే గైడుకు చెప్పగలరు. రెండవ సూర్యవర్మ 12వ శతాబ్దంలో విష్ణువుకు కట్టించిన ఈ గుడి పడమటి ముఖంగా ఉంటుంది కనుక మధ్యాహ్నం తరువాత వెళ్తే ఎండ నేరుగా ముఖద్వారం మీద పడుతుంది. తెల్లవారుజామున కోనేటి గట్టు మీద సూర్యోదయం కోసం జనంలో నిలబడటం పెద్దవాళ్లకు శ్రమే తప్ప, నా దృష్టిలో అంత అవసరం కాదు.

బాంతే స్రీని మాత్రం వదలకండి. 967లో ప్రతిష్ఠించిన ఈ చిన్న శివాలయం దాదాపు అంతా గులాబీ రంగు ఇసుకరాతితో కట్టినది. రావణుడు కైలాసాన్ని కదిలించే శిల్పం అక్కడ ఉంది. నేల చదునుగా ఉంటుంది కాబట్టి అమ్మగారు నిదానంగా నడిచి చూడగలరు. మన శ్రీముఖలింగం గుడి గోడల ముందు గంటలకొద్దీ నిలబడే అలవాటు ఉన్నవారికి అక్కడ ఒక పూట చాలదు.

కోట జంక్షన్ (విజయనగరం):

పై సభ్యులు గుళ్ల గురించి చెప్పినదంతా ఒప్పుకుంటాను. కానీ మాస్టారు సరస్సును, కొండలను కూడా అడిగారు, ఆ రెండింటి దృష్ట్యా లెక్క మారుతుంది. తోన్లే సాప్ సరస్సు నీరు తోన్లే సాప్ అనే నది ద్వారానే రాజధాని నోమ్ పెన్ దగ్గర మెకాంగ్‌లో కలుస్తుంది. వానాకాలంలో మెకాంగ్ మట్టం సరస్సు మట్టాన్ని మించి పెరగడంతో ఆ నది వెనక్కి తిరిగి సరస్సులోకే ప్రవహిస్తుంది. ఎండాకాలంలో సుమారు 2,500 చదరపు కిలోమీటర్లు ఉండే సరస్సు అలా నిండి 15,000 చదరపు కిలోమీటర్ల దాకా విస్తరిస్తుంది. అక్టోబరులో సరస్సు ఒడ్డున ఉన్న కంపాంగ్ ఫ్లుక్ అనే ఊరి వైపు వెళ్తే ఎత్తైన కర్రల మీద నిలిపిన ఇళ్ల గడపల దాకా నీళ్లు ఉంటాయి, పడవ చెట్ల కొమ్మల మధ్య నుండి సాగుతుంది. నీరు బాగా తగ్గే మార్చి, ఏప్రిల్ నెలల్లో అవే ఇళ్లు బురద మీద పొడవాటి కాళ్లతో నిలబడి ఉంటాయి. జనవరి ఈ రెండింటికీ మధ్యస్థం. పడవ తిరుగుతుంది గానీ, నిండు సరస్సు కావాలంటే దసరాయే.

కులేన్ కొండ విషయంలోనూ అంతే. 802లో రెండవ జయవర్మ మహేంద్రపర్వతమనే ఈ కొండ మీదనే చక్రవర్తిగా ప్రకటించుకున్నాడని తరువాతి శాసనం చెబుతోంది. కొండ మీద ఏటి అడుగున రాతిలో వరుసలుగా చెక్కిన లింగాలు ఉన్నాయి. వాటి మీదుగా వచ్చిన నీరు పవిత్రమై దిగువకు పారుతుందని నమ్మేవారు. వానలకు జలపాతం నిండుగా దూకుతుంది. అయితే ఆంగ్‌కోర్ టికెట్టు ఈ కొండకు చెల్లదు, వేరే రుసుము కట్టాలి. దారి ఇరుకైనది కాబట్టి వాహనాలను ఉదయం పూట పైకి, మధ్యాహ్నం తరువాత కిందికి వదులుతారు. అందువల్ల ఆ రోజు వేరే ఏదీ పెట్టుకోకండి. ఇలాంటి శిల్పాలే కబాల్ స్పియన్ దగ్గర కూడా ఏట్లో ఉన్నాయి, అనంతశయన విష్ణువు కూడా ఉన్నాడు, కానీ అక్కడ అడవిలో కిలోమీటరున్నర ఎక్కాలి. మోకాళ్ల నొప్పి ఉన్నవారిని తీసుకుపోవద్దు. ఎవరు వెళ్లినా కాలిబాట దిగకూడదు. యుద్ధకాలంలో పాతిన మందుపాతరలు ఆ దేశపు అడవుల్లో ఇప్పటికీ బయటపడుతున్నాయి.

టెక్కలి మాస్టారు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. చెరొక వైపు లాగడంతో నా సందిగ్ధం పెరిగిందనే చెప్పాలి. పక్షుల విడిదిగా పేరున్న తేలినీలాపురం మా ఊరికి దగ్గరే కనుక అమ్మాయికి పక్షులంటే ప్రాణం. తోన్లే సాప్ సరస్సులో కూడా పక్షుల విడిది ఉందని విన్నాను. అది ఏ కాలంలో చూడాలి? అమ్మ భోజనం సంగతి కూడా ఎవరూ చెప్పలేదు.

చిత్తడినేల (ఇచ్ఛాపురం):

మాస్టారూ, పక్షులే ముఖ్యమైతే వాదన అక్కడితో తీరిపోతుంది, జనవరిలో వెళ్లండి. సరస్సు వాయవ్య భాగంలోని ప్రెక్ తోల్‌లో నీరు తీసే కొద్దీ చేపలు మడుగుల్లో చిక్కుతాయి, వాటి కోసం పక్షులు గుంపులుగా చేరతాయి. డిసెంబరు నుండి మార్చి వరకు కాలం. తేలినీలాపురం చింతచెట్ల మీద మీ అమ్మాయి చూసే పెలికాన్‌లు, పెయింటెడ్ స్టార్క్‌ల జాతులే అక్కడ నీట మునిగిన అడవిలో గూళ్లు కడతాయి. మన వైపు కనిపించని గ్రేటర్ అడ్జుటెంట్ అనే బోడితల పెద్ద కొంగ అదనం. మన ఊళ్లలో ఆ పక్షులను పురిటికి వచ్చిన ఆడపడుచుల్లా చూసుకుంటారు. అక్కడ ఒకప్పుడు గుడ్లను, పిల్లలను ఏరి అమ్మేవారు. తరువాత అలా ఏరినవారిలో కొందరినే జీతమిచ్చి చెట్ల మీది మంచెలపై కాపలా పెట్టడంతో పక్షుల సంఖ్య మళ్లీ పెరిగింది. పడవ ప్రయాణానికి రోజంతా పడుతుంది, ఖర్చు కూడా ఎక్కువే. అందుకని మీరూ అమ్మాయీ వెళ్లి, పెద్దవాళ్లను ఆ రోజు గదిలో ఉంచితే సరి.

భోజనానికి వస్తే, ఖ్మేర్ (కంబోడియా) వంటల్లో చేపల సాస్, ప్రహోక్ అనే పులియబెట్టిన చేపముద్ద కూరగాయల కూరల్లో కూడా పడతాయి కాబట్టి మాంసం వద్దంటే సరిపోదు, చేప కూడా వద్దని విడిగా చెప్పాలి. పట్టణంలో భారతీయ హోటళ్లు ఉన్నాయి. పగలంతా గుళ్ల దగ్గర గడిపే రోజులకు అటుకులు, పొడులు వెంట ఉంచుకోండి. డాలర్లు అంతటా చెల్లుతాయి గానీ కాస్త చిరిగిన నోటు కూడా తీసుకోరు. 2023లో తెరిచిన కొత్త విమానాశ్రయం పట్టణానికి 40 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది కాబట్టి రాత్రి దిగే విమానమైతే ముందే కారు మాట్లాడుకోండి. 2025లో థాయిలాండ్‌తో జరిగిన ఘర్షణల్లో సరిహద్దు దారులు మూసివేశారు కనుక, బ్యాంకాక్ దాకా వెళ్లి అక్కడి నుండి బస్సులో పోదామనే ఆలోచన పెట్టుకోకండి. విమానంలోనే వెళ్లండి, టికెట్లు తీసే ముందు మన విదేశాంగ శాఖ సూచనలు ఒకసారి చూడండి.