ఇన్‌ఫ్లేషన్ నడుమ క్షణకాలపు మార్పు: తొలి సాంద్రతా హెచ్చుతగ్గుల్లో దాని జాడ ఎక్కడ పడుతుంది?

ప్రశ్న (కావలి, ఎమ్మెస్సీ విద్యార్థిని):
పెద్దలకు నమస్కారం. ఇన్‌ఫ్లేషన్‌ను, అంటే విశ్వం తొలి క్షణంలో అతివేగంగా వ్యాకోచించిన దశను, నడిపిన క్షేత్రం తన పొటెన్షియల్ (స్థితిశక్తి) వాలు మీద నెమ్మదిగా జారినందువల్లే తొలి సాంద్రతా హెచ్చుతగ్గులు అన్ని పొడవుల్లోనూ దాదాపు ఒకే మోతాదులో ఏర్పడ్డాయని చదివాను. ప్లాంక్ ఉపగ్రహపు 2018 ఫలితాల్లో, ఏ పొడవులో హెచ్చుతగ్గులు ఎంతో చూపే వర్ణపటపు సూచి సుమారు 0.965, అది 1 అయితే పూర్తి సమానత. మరి ఆ వాలులో ఒకచోట చిన్న మెట్టు ఉంటే, వర్ణపటమంతా మారకుండా ఒక్క భాగమే ఎందుకు మారుతుందండీ?

జవాబు (ఒంగోలు, భౌతికశాస్త్ర అధ్యాపకుడు):
అమ్మా, ఏ తరంగం ఎప్పుడు హొరైజన్ (కాంతి ద్వారా పరస్పర ప్రభావం సాధ్యమయ్యే హద్దు) దాటిందన్నదే ఇక్కడ కీలకం. పొడవైన తరంగాలు అప్పటికే దాటి గడ్డకట్టి, అంటే పరిమాణం ఇక మారకుండా, ఉంటాయి. మరీ పొట్టివి ఇంకా ఎంతో లోపల వేగంగా కంపిస్తూ ఉంటాయి కనుక ఆ మార్పు వాటికి అంటదు. సరిగ్గా ఆ వేళకు దాటబోతున్నవే దాని జాడను మోస్తాయి. పాటూరులో మగ్గం పక్కన కూర్చుని చూశాను: నేసే చేతి దెబ్బ కాస్త సడలితే ఆ నాలుగు పేకల దగ్గరే బట్ట పలచబడింది, అప్పటికే చుట్టిన బట్టలో ఏ మార్పూ లేదు.

హెచ్చుతగ్గుల పరిమాణం క్షేత్రం జారే వేగానికి విలోమంగా ఉంటుంది. మెట్టు దిగేటప్పుడు వేగం పెరిగి వర్ణపటం అక్కడ కుంగుతుంది, ఆ వెంటనే అలల్లాంటి ఎత్తుపల్లాలు వస్తాయి. మార్పు ఎంత ఆకస్మికమైతే ఆ అలలు అంత పొట్టి తరంగాల దాకా సాగుతాయి. వాలు ఒక్కసారిగా మారే సందర్భాన్ని స్టారోబిన్‌స్కీ 1992లోనే లెక్కగట్టారు.

జవాబు (నెల్లూరు, పరిశోధక విద్యార్థి):
మాస్టారి వివరణకు ఒక సవరణ అవసరమనుకుంటున్నాను. పొటెన్షియల్ దాదాపు చదునైపోయి క్షేత్రం వేగం గబగబా పడిపోయే దశ వస్తే, హొరైజన్ దాటిన తరంగాలు కూడా గడ్డకట్టకుండా పెరుగుతాయి. మగ్గం పోలిక అక్కడ పనిచేయదు. ఆదిమ కృష్ణబిలాలు (నక్షత్రాల నుంచి కాక తొలి విశ్వంలోనే పుట్టేవి) ఏర్పడాలంటే వర్ణపటం సుమారు 2×10⁻⁹ నుంచి 0.01 దరిదాపులకు లేవాలి కనుక, వాటిని వివరించే అనేక నమూనాలు ఈ దశనే ఆశ్రయిస్తాయి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఆకాశంలో ఇలాంటి జాడ నిజంగా కనిపించిందా?

జవాబు (నెల్లూరు, పరిశోధక విద్యార్థి):
విశ్వ సూక్ష్మతరంగ నేపథ్యంలో, అంటే తొలి విశ్వం నుంచి మిగిలిన వెలుగులో, 20 నుంచి 30 వరకూ ఉన్న మల్టీపోల్‌ల (ఆకాశంలో హెచ్చుతగ్గుల కోణీయ పరిమాణాన్ని సూచించే సంఖ్యలు; సంఖ్య పెరిగేకొద్దీ పరిమాణం చిన్నది) దగ్గర ఒక చిన్న లోటు ఉంది, మెట్టు నమూనా దానికి బాగానే అమరుతుంది. అయితే 22వ మల్టీపోల్‌కు ఆకాశం మొత్తం మీద దొరికేవి 45 విలువలే కాబట్టి, అది కేవలం యాదృచ్ఛికం కాదని చెప్పడానికి ఆ ఆధారం చాలదు. అవే మల్టీపోల్‌ల దగ్గర ఆ వెలుగు ధ్రువణాన్ని (కంపన దిశను) మరింత కచ్చితంగా కొలిచి, అక్కడా పొందికైన లోటు తేలితేనే నేను నమ్ముతాను.