రాత్రి దాటే హీటర్ లేకుండా విక్రమ్‌ను పంపడం సరైనదేనా?

హన్మకొండ ఫిజిక్స్ (చర్చ మొదలుపెట్టినవారు)

ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. చంద్రయాన్-3 మాట వస్తే మనం ఎప్పుడూ 2023 ఆగస్టు 23 సాయంత్రం 6:04 దగ్గరే ఆగిపోతున్నాం. అది ఎంత గొప్ప నిమిషమో నాకూ తెలుసు. నాలుగు రోజుల ముందే రష్యా లూనా-25 చంద్రుడి మీద కూలింది, మనది నిలబడింది. కానీ ఆ తర్వాతి సంగతి కూడా మాట్లాడుకోవాలి కదా.

సెప్టెంబర్ 2న రోవర్ ప్రజ్ఞాన్‌ను, 4న ల్యాండర్ విక్రమ్‌ను నిద్రపుచ్చారు. రోవర్ బ్యాటరీ నిండా ఛార్జ్ చేసి, సోలార్ పలకను మళ్లీ పొద్దు పొడిచే దిక్కుకు తిప్పి, రిసీవర్ ఆన్‌లో ఉంచారు. 22న అక్కడ తెల్లారింది. ఇస్రో పిలిచింది. రెండూ పలకలేదు. అక్కడ రాత్రి మైనస్ 120 డిగ్రీల కంటే కిందికి పోతుంది. పధ్నాలుగు రోజులు అదే చలి. దాన్ని తట్టుకునే హీటర్ వాటిలో లేదు.

హీటర్ పెట్టి ఉండాల్సింది అని నా వాదన. ఎందుకో ఒక్క పరికరంతో చెప్తా. ల్యాండర్‌లో ఇల్సా అని కంపనాలను పట్టే పరికరం ఉంది. అది దాదాపు 190 గంటలు విన్నది, 250కి పైగా కదలికలు నమోదు చేసింది. చాలావరకు రోవర్ నడకవి, పక్కనున్న పరికరాల పనివి. ఓ 50 మాత్రం వాటితో సంబంధం లేనివి. చిన్న ఉల్క పడిందా, ఎండకు నేల సాగిందా, నిజంగానే చంద్రకంపమా? 190 గంటలు విని ఎవరు తేల్చగలరు? అపోలో వాళ్లు పెట్టివచ్చిన పరికరాలు 1977 దాకా ఏళ్ల తరబడి విన్నాయి. చంద్రుడి లోపలి పొరల గురించి మనకు తెలిసిన దాంట్లో చాలా భాగం వాటి పుణ్యమే. అవన్నీ ధ్రువాలకు దూరంగా ఉన్న చోట్లు. దక్షిణాన 69 డిగ్రీల దగ్గర నేలకు చెవి పెట్టింది మనమే మొదట, పెట్టిన పది రోజులకే తీసేశాం.

ఛాస్టే అనే ఉష్ణమాపక సూది సంగతీ అంతే. నేలలోకి 10 సెంటీమీటర్లు పోయేలా చేసిన సూది అది. పైన 70 డిగ్రీలకు పైగా కాలిపోతుంటే 8 సెంటీమీటర్ల కింద మైనస్ 10 ఉందని చెప్పింది. అదే సూది రాత్రంతా అక్కడే ఉండి నేల ఎంత వేగంగా చల్లబడుతుందో కొలిచి ఉంటే? మంచు ఎక్కడ, ఎంత లోతున నిలుస్తుందో లెక్కగట్టడానికి కావలసింది ఆ కొలతే.

---

కాజీపేట షెడ్

సార్, మీ బాధ అర్థమైతుంది. గని నేను ఒప్పుకోను.

2019 సెప్టెంబర్ 7 పొద్దుగాల జరిగింది యాది తెచ్చుకోండ్రి. చంద్రయాన్-2 విక్రమ్ ఆఖరి ఘడియల్ల అదుపు తప్పి పడ్డది. దాని తర్వాత ఇస్రోవాళ్లు ఏం చేసిన్రు? ఎక్కడెక్కడ ఫెయిలయ్యే అవకాశమున్నదో గది ముందు రాసుకొని, దాన్నిబట్టి డిజైన్ చేసిన్రు. నడిమి ఇంజన్ తీసేసి అయిదును నాలుగు చేసిన్రు. కాళ్లు గట్టిగ చేసిన్రు. ఇంధనం ఎక్కువ పోసిన్రు. దిగే జాగ ముందు 500 మీటర్ల చదరం ఉండె, దాన్ని 4 కిలోమీటర్ల పొడుగు, 2.4 కిలోమీటర్ల వెడల్పు చేసిన్రు. వేగం కొలిచే లేజర్ పరికరం కొత్తగ పెట్టిన్రు. ఇవన్నీ దిగుడు కోసమే.

నేను లోకో షెడ్డుల పనిచేస్త. లైన్ల ఆగిపోయిన ఇంజన్ షెడ్డుకొస్తే, ముందుగాల ఆగిన కారణం పట్టుకుంటం. గదే టైముల ఇంకో కొత్త సామాను ఎక్కియ్యం. ఎక్కిచ్చినంక మళ్ల ఆగిందనుకో, పాత రోగమా కొత్త రోగమా ఎట్ల తెలుస్తది? ఇస్రో చేసింది గదే. ముందు దిగనేర్సుకుందాం, బతుకుడు తర్వాత.

ఇంకోటి. చైనావోళ్ల దగ్గర అణు హీటర్లు, అంటే రేడియోధార్మిక పదార్థం వేడితో పనిచేసేటివి, 2013 నుంచే ఉన్నయి. అయినా 2020 డిసెంబర్ల చాంగ్-ఇ 5 పంపినప్పుడు పెట్టలే. మట్టి తీసుకొని రెండు రోజులల్ల పైకి లేచిపోయింది, ల్యాండర్ ఆ రాత్రికి అక్కడనే పోయింది. వాళ్లను ఎవలన్న తప్పుబట్టిన్రా? ఏ పనికి పోతున్నమో ఆ పనికి కావలసిందే మోయాలె.

---

మెకానికల్ ఫైనలియర్

వరంగల్‌లో మెకానికల్ చదువుతున్నా. నాది సార్ వైపా, అన్న వైపా అని కాకుండా ముందు బరువు లెక్క చూద్దాం. దీంట్లో అసలు చిక్కు అక్కడే ఉంది.

రాత్రి లోపలి ఎలక్ట్రానిక్స్ పెట్టెను వెచ్చగా ఉంచడానికి 10 వాట్లు చాలనుకుందాం. పధ్నాలుగు రోజులంటే 336 గంటలు. మొత్తం 3,360 వాట్-అవర్లు. లిథియం అయాన్ బ్యాటరీ కిలోకు 150 వాట్-అవర్లు ఇస్తుందనుకుంటే 22 కిలోలు దాటింది. ప్రజ్ఞాన్ మొత్తం బరువే 26 కిలోలు! అంటే బ్యాటరీతో రోవర్‌ను రాత్రి దాటించడం అయ్యే పని కాదు.

ఇప్పుడు అణు హీటర్ చూడండి. అమెరికా వాడే గుళిక ఒకటి 40 గ్రాములు, 1 వాట్ వేడి. పది పెట్టినా 400 గ్రాములు. లోపల ప్లుటోనియం-238, సగానికి తగ్గడానికి 87.7 ఏళ్లు పడుతుంది. మార్స్ మీద 1997లో సోజర్నర్‌కు మూడు, తర్వాత స్పిరిట్‌కు, ఆపర్చ్యూనిటీకి ఎనిమిదేసి పెట్టారు. ఇంకా వెనక్కి పోతే, 1970లో రష్యా చంద్రుడి మీదికి పంపిన రోవర్ లూనోఖోద్-1 రాత్రికి మూత మూసుకుని పొలోనియం వేడితో పడుకునేది. అట్లా నెలల తరబడి బతికి 10 కిలోమీటర్లు దాటి తిరిగింది. మన రోవర్ నడిచింది 100 మీటర్ల పైచిలుకు.

కానీ సార్, బరువు తక్కువ కదా అని పెట్టేస్తే సరిపోదు. ఆ గుళికకు స్విచ్ ఉండదు. పగలు కూడా వేడి ఇస్తూనే ఉంటుంది. పగలేమో అదే పెట్టె నుంచి వేడిని బయటికి తోయాలి, రాత్రేమో లోపలే పట్టి ఉంచాలి. దానికి తెరుచుకుని మూసుకునే వేడి దారులు కావాలి, బ్యాటరీ, కేబుళ్లు, టంకాలు అన్నీ వందల డిగ్రీల తేడాకు పరీక్షించాలి. హీటర్ పెట్టడమంటే ల్యాండర్‌ను మొదటి నుంచీ వేరేగా గీయడమే. 2019కీ 2023కీ మధ్య అది అయ్యే పని అని నేననుకోను.

---

భూపాలపల్లి బొగ్గుబాయి

అందరూ బరువు, డిజైన్ అంటున్నరు. ఆ గుళికల ఉన్నది ఏందో దాని గురించి కూడ మాట్లాడాలె గద.

రాకెట్ లేస్తదని గ్యారంటీ ఉందా? 1978ల రష్యా ఉపగ్రహం కాస్మోస్-954 కెనడా మీద పడి రేడియోధార్మిక ముక్కలు మస్తు దూరం చెదిరినయి. శ్రీహరికోట చుట్టుపక్కల పులికాట్ ఉన్నది, చేపలు పట్టుకొని బతికేటోళ్లు ఉన్నరు. వరంగల్‌ల కూసొని హీటర్ పెట్టుమనుడు మనకు అల్కనే.

మన దగ్గరి సంగతే చూడుండ్రి. నల్లమలల యురేనియం తవ్వకాలంటే జనం ఎట్ల లేచిన్రో అందరికి ఎరుకే. 2019 సెప్టెంబర్‌ల మన అసెంబ్లీ వద్దని తీర్మానం చేసింది. జనం భయపడ్డది సైన్స్ తెల్వక కాదు, అడిగితే సక్కగ చెప్పేటోడు లేక. నేను బాయిల పనిచేసేటోన్ని. ప్రమాదం ఉన్న పనికి పోవుడు మాకు కొత్త కాదు. గని దిగేముందు గాలి ఎట్లున్నది, కప్పు ఎట్లున్నది అని చెప్పాలె. చెప్పకుంట దింపుడు తప్పు. అణు హీటర్ వద్దంటలేను. పెడితే ముందుగాల జనానికి చెప్పి పెట్టుమంటున్న.

---

హన్మకొండ ఫిజిక్స్

భూపాలపల్లి అన్నా, మీ ప్రశ్న ఈ చర్చలో అన్నిటికన్నా బరువైనది. చెప్పి పెట్టాలన్న మాట నూటికి నూరు పాళ్లు నిజం.

కాకపోతే కాస్మోస్-954లో ఉన్నది నడుస్తున్న అణు రియాక్టర్. ఇది వేరు. ఈ గుళికలో విచ్ఛిత్తి జరగదు, పదార్థం దానంతటదే క్షీణిస్తూ వేడి ఇస్తుంది. ఆ ప్లుటోనియాన్ని పింగాణీలాంటి ముద్దగా చేసి, ప్లాటినం-రోడియం తొడుగులో పెట్టి, మీద గ్రాఫైట్ కవచం వేస్తారు. కూలినా, కాలినా పొడి కాకూడదని. దాన్నుంచి వచ్చే ఆల్ఫా కణాలను కాగితం కూడా ఆపుతుంది, ప్రమాదమల్లా పొడి అయి ఊపిరితిత్తుల్లోకి పోతేనే. 1970లో అపోలో-13 చంద్రుడి మీద దిగకుండా తిరిగొచ్చినప్పుడు దాని ప్లుటోనియం పీపా పసిఫిక్ లోతుల్లో పడింది. లీకైన ఆనవాలు దొరకలేదు. అయినా ప్రమాదం సున్నా అని ఎవరైనా చెప్తే నేను నమ్మను.

ఇంకో మాట. రేడియోధార్మిక పదార్థం చంద్రయాన్-3లో అసలే లేకుండా పోలేదు. ప్రజ్ఞాన్ మట్టిలో మూలకాలను గుర్తించిన ఏపీఎక్స్ఎస్‌లో క్యూరియం-244 ఉంది. విక్రమ్‌ను చంద్రుడి దాకా మోసుకుపోయిన ప్రొపల్షన్ మాడ్యూల్‌లో ఒక్కో వాట్ హీటర్లు రెండు పరీక్ష కోసం పెట్టారు. అది భూమి చుట్టూ కక్ష్యకు తిరిగొచ్చింది కూడా. అంటే మన దగ్గర ఈ విద్య ఉంది. అదే రాకెట్‌లో పోయింది. దిగిన దాంట్లో మాత్రం లేదు. నాకు మింగుడుపడనిది ఇదే.

---

భూపాలపల్లి బొగ్గుబాయి

సార్, మీరు చెప్పిన ఆ రెండు హీటర్ల సంగతి నాకు ప్రయోగం అయిపోయినంక పేపర్ల చదివితెనే తెలిసింది. నేనన్నది గదే.

---

ములుగు టీచరమ్మ

ములుగు దగ్గర సర్కారు బడిలో సైన్స్ చెప్తాను. సార్, మీరు "పది రోజులకే తీసేశాం" అన్నది నాకు నచ్చలేదు. ఆ పది రోజుల్లో ఏం దొరికిందో కూడా చెప్పాలి కదా.

ప్రజ్ఞాన్ ఆగి ఆగి 23 చోట్ల మట్టిని కొలిచింది. అంతటా దాదాపు ఒకే రకం, ఫెర్రోన్ అనార్థోసైట్ అనే రాయి ఎక్కువగా ఉన్న మట్టి. చంద్రుడు పుట్టిన కొత్తలో పైనంతా కరిగిన శిలాద్రవ సముద్రం ఉండేదని, తేలికైన ఖనిజం తేలి పైపొర అయిందని ఒక సిద్ధాంతం. అపోలో రాళ్లతో వచ్చిన ఆ సిద్ధాంతానికి దక్షిణాన నేల మీద నుంచి దొరికిన మొదటి బలం ఇది. 2024 ఆగస్టులో నేచర్ పత్రికలో వచ్చింది. గంధకం ఉందని ఇంకో పరికరం అక్కడికక్కడే పట్టింది. 615 కోట్లకు, ఒక్క పగటికి, ఇది చిన్న పని కాదు. మా ఆరో తరగతి పిల్లలకు నేను "నిద్ర లేవలేదు" అనే ముక్కతో పాఠం ముగించను.

---

కాజీపేట షెడ్

మంచిగ చెప్పిన్రు మేడం. ఇంకో సంగతి. జపాన్ ల్యాండర్ స్లిమ్ 2024 జనవరిల బోర్లపడ్డట్టు దిగింది, రాత్రి దాటెతందుకు చేసింది కాదు, అయినా మూడు రాత్రులు దాటి లేచింది. మనది లేవలే. నసీబు మీద నడిచే దాన్ని పట్టుకొని ఇస్రోను తప్పుబట్టుడు నాకు నచ్చది.

---

మెకానికల్ ఫైనలియర్

అన్నా, స్లిమ్ చెప్పేది ఇంకోటి కూడా. మామూలు విడిభాగాలు మనం అనుకున్నదానికన్నా ఎక్కువ చలిని ఓర్చుకోగలవు. కాబట్టి హీటర్ ఒక్కటే దారి కాదు, చలికి తట్టుకునే ఎలక్ట్రానిక్స్ మీద కూడా పని జరగాలి. ప్లుటోనియం ఎంత తక్కువ వాడితే భూపాలపల్లి అన్న భయం అంత తగ్గుతుంది.

---

హన్మకొండ ఫిజిక్స్

టీచరమ్మా, ఆ ఫలితం విలువ నేను తగ్గించడం లేదు. మట్టి ఏమిటో ఒక్క పగటిలో కొలవొచ్చు. కంపనాలు అట్లా కాదు, అవి వచ్చినప్పుడు మనం అక్కడ ఉండాలి. నా పట్టుదల ఆ పరికరం గురించే.

కాజీపేట అన్న "ఏ పనికి పోతున్నమో" అన్నాడు కదా, ఆ కొలతతోనే ముందుకు చూద్దాం. చంద్రయాన్-4కు 2024 సెప్టెంబర్‌లో కేంద్రం 2,104 కోట్లు ఆమోదించింది. మట్టి తీసుకుని తిరిగి రావడం దాని పని, కాబట్టి రాత్రి హీటర్ నేను అడగను. చంద్రయాన్-5 వేరు. జపాన్‌తో కలిసి చేస్తున్నది, రోవర్ ప్రజ్ఞాన్ కన్నా చాలా పెద్దది, నీటి మంచు కోసం ధ్రువం దగ్గర వెతకాలి. దాంట్లో హీటర్ ఎట్లాంటిది, ఎన్ని గ్రాముల పదార్థం, కూలితే ఏం చేస్తారు అన్నవి ప్రయోగానికి ముందే తెలుగులో కూడా జనం ముందు పెట్టాలి. ఇల్సా లాంటి పరికరం ఒకటి రోవర్‌తో సంబంధం లేకుండా, దాని సొంత వేడితో, ఏళ్లపాటు అక్కడే వింటూ ఉండాలి.

---

కాజీపేట షెడ్

చంద్రయాన్-5కైతే నేనూ సరే అంట. 2023ది తప్పన్నది మాత్రం ఒప్పుకోను.