సోమవారం మా ఆవిడ ఇంటికొస్తోంది: మంచం, డ్రెయిన్, బీరువా అద్దం గురించి సలహా కావాలి

ప్రశ్న (తిరుపతి, బైరాగిపట్టెడ)

అందరికీ నమస్కారం. పోయిన బుధవారం వేలూరులో మా ఆవిడకు ఎడమ రొమ్ము తీసేశారు. చంకలోని లింఫ్ గ్రంథులు కూడా తీశారు. సోమవారం డిశ్చార్జ్ చేస్తామన్నారు, డ్రెయిన్‌తోనే (గాయంలో ఊరే నీరు బయటికి లాగే ట్యూబు, దాని చివర డబ్బా) పంపిస్తారట. ఆమె దగ్గర మా వదిన ఉంది. నేను ఇల్లు సర్దడానికి నిన్న రాత్రి వచ్చాను.

దులపడం, కడగడం అయిపోయాయి. మాది కింది పోర్షన్ కాబట్టి మెట్ల బాధ లేదు. బాత్రూంలో స్టూల్ వేశాను. చిక్కల్లా మంచం దగ్గరే. తల దక్షిణానికి పెట్టి, తూర్పు గోడకు ఆనించి ఉంది. గోడ పక్క ఆమె పడుకుంటుంది. ఎడమ చెయ్యి ఒంటికి ఆనించుకుని నేనే అక్కడ పడుకుని లేచి చూశాను. కుడివైపు ఒత్తిగిలితే గోడ తగులుతోంది, లేవలేకపోయాను. మంచం తిప్పేద్దామంటే తల ఉత్తరానికి వస్తుంది, అమ్మ ఒప్పుకోదు. గుడ్డు, పప్పు పెడితే కుట్లు చీము పడతాయని, చారన్నమే పెట్టాలని కూడా అమ్మ అంటోంది.

అసలు అడగాలనుకున్నది వేరే. మంచానికి ఎదురుగా బీరువా, దాని తలుపుకు నిలువెత్తు అద్దం. డ్రెస్సింగ్ మార్చేటప్పుడు ఆమె మొహం పక్కకు తిప్పేసుకుంటోంది, ఇంతవరకు చూసుకోలేదు. ఇంట్లో పొద్దున లేస్తే ముందు కనబడేది ఆ అద్దమే. దుప్పటి కప్పాలా, బీరువానే పక్క గదిలోకి జరపాలా? గంట నుంచి దుప్పటి చేతిలో పట్టుకుని కూర్చున్నాను.

జవాబు (చిత్తూరు, కట్టమంచి)

తమ్ముడూ, 6 ఏళ్ల కిందట నాకూ ఇదే ఆపరేషన్. నేను ఇంటికొచ్చేసరికి మా ఆయన అద్దానికి పాత చీర కప్పి పెట్టాడు. ప్రేమతోనే చేశాడు. నాకు మాత్రం, ఈయన కూడా నన్ను చూడలేకపోతున్నాడా అనిపించింది. ఆ రాత్రంతా గోడవైపు తిరిగి పడుకున్నా. నువ్వు కప్పొద్దు, జరపొద్దు. ఆమెనే అడుగు, ఈరోజే ఫోన్ చేసి అడుగు.

డ్రెయిన్ సంగతి చెప్తాను. డబ్బా చేత్తో పట్టుకుని తిరగడం కుదరదు. పాత కాటన్ పంచె గుడ్డతో చిన్న సంచి కుట్టించి, లంగా బొందు వేసి నడుముకు కట్టేలా చెయ్యి. రెండు కుట్టించు, ఒకటి ఉతుకులో ఉంటుంది. నాకు మూడో రోజు రాత్రి ట్యూబు తలుపు గడియకు తగులుకుని ప్రాణం పోయినంత పనైంది. ఆమె నడిచే దారిలో గడియలు, మేకులు, కుర్చీ కోళ్లు చూసుకో. నైటీలు ముందు గుండీలున్నవే కొను. తలమీంచి వేసుకునేవి ఇప్పట్లో పనికిరావు.

జవాబు (తిరుపతి, స్టాఫ్ నర్సుని)

అన్నా, మంచం తిప్పనక్కర్లేదు. అలాగే పడమటి గోడకు జరపండి. తల దక్షిణానికే ఉంటుంది, కుడివైపు ఖాళీ వస్తుంది.

డబ్బాలో చేరినది రోజూ ఒకే టైముకు కొలిచి, పుస్తకంలో రాసి పెట్టండి. 24 గంటలకు 30 మిల్లీలీటర్ల లోపుకు తగ్గితే మామూలుగా తీసేస్తారు, అయినా మీ డాక్టర్ చెప్పిందే లెక్క. ఖాళీ చేశాక డబ్బాను బాగా నొక్కి, గాలి పోయాకే మూత పెట్టాలి. లేకపోతే లాగదు. డిశ్చార్జ్‌కు ముందే అక్కడి సిస్టర్ ఎదుట ఒకసారి మీ చేత్తో చేసి చూపించండి. జ్వరం 100.4 దాటినా, గాయం ఎర్రబడినా, డ్రెయిన్ ఉన్నట్టుండి ఆగి చంక దగ్గర ఉబ్బినా వెంటనే ఫోన్ చెయ్యండి.

ఎడమ చేతికి బీపీ పట్టీ, ఇంజెక్షన్ వద్దు. ల్యాబుకు వెళ్లిన ప్రతిసారీ మీరే ముందు చెప్పండి. నీళ్ల బిందె, కుక్కర్ ఆమెను ఎత్తనివ్వకండి. అలాగని చెయ్యి కదపకుండా కూర్చోబెట్టినా భుజం బిగుసుకుపోతుంది, నేర్పిన వ్యాయామాలు చేయించండి. ఇక అమ్మగారికి మెల్లగా చెప్పండి, గాయం మానాలంటే గుడ్డు, పప్పు కావాలి. డాక్టర్ ప్రత్యేకంగా వద్దన్నవి ఉంటే అవే మానండి.

ప్రశ్న అడిగినవారు

అక్కా, సిస్టర్, ఇద్దరికీ దండం. మంచం జరిపేశాం, పక్కింటి అబ్బాయి సాయం పట్టాడు. ఇప్పుడు నేను పడుకుని కుడివైపు తిరిగి హాయిగా లేచాను. అమ్మ ఇంకా గొణుగుతోంది కానీ పొద్దున గుడ్లు తనే తెప్పించింది.

ఆమెకు ఫోన్ చేశాను. అద్దం మాట ఎలా ఎత్తాలో తెలియక మంచం, సంచి అన్నీ చెప్పి చివరికి అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అద్దం ఉండనీ. నేను చూసుకునే రోజు నువ్వు పక్కన ఉండు" అంది. దుప్పటి మడిచి బీరువాలో పెట్టేశాను. సంచులకు గుడ్డ తీసుకుని టైలర్ దగ్గరికి బయల్దేరుతున్నా.