యుద్ధ స్మారకం మీద వైమానికుడి భార్య పేరు కూడా ఉండాలా?

విజయనగరం కోట:
మన జిల్లాల నుంచి ఎయిర్‌ఫోర్స్‌లో చేరి యుద్ధాల్లో పోయినవాళ్లకి విజయనగరంలో ఒక స్తూపం ఉంటే బాగుంటుందని నా కోరిక. ఆ రాయి మీద భార్యల పేర్లు కూడా చెక్కాలా, వద్దా? మీ మాట చెప్పండి.

నాగావళి గట్టు:
వద్దండి. ప్రాణం ఇచ్చినవాడి పేరే ఉండాలి. ఢిల్లీలో 2019లో తెరిచిన జాతీయ యుద్ధ స్మారకంలో పాతిక వేలకు పైగా పేర్లున్నాయి, అన్నీ సైనికులవే. భార్యకి పింఛను ఉంది, సన్మానాలున్నాయి. అందరి పేర్లూ ఎక్కిస్తే ఆ రాయికి విలువేముంటుంది?

పలాస కోడలు:
డబ్బు మాట ఎత్తారు కాబట్టి చెప్తున్నాను. శౌర్య పతకం వచ్చిన సైనికుడు చనిపోతే, పతకంతో పాటు వచ్చే భత్యం భార్యకి ఇస్తారు. ఆవిడ మళ్లీ పెళ్లి చేసుకుంటే అది ఆగిపోయేది. భర్త అన్ననో తమ్ముణ్ణో చేసుకుంటే మాత్రం ఆగేది కాదు! ఆ షరతు తీసేసింది 2017 నవంబరులో. అన్నేళ్లు ఆవిడ ఎవరిని కట్టుకోవాలో ఒక కాగితం చెప్పింది. దాన్ని గౌరవం అని నేను అనలేను.

ఇంకో సంగతి. ఫ్లైట్ లెఫ్టినెంట్ విజయ్ వసంత్ తాంబే 1971 డిసెంబరు యుద్ధంలో సుఖోయ్-7 యుద్ధ విమానం తీసుకుని వెళ్లి తిరిగి రాలేదు. ఆయన భార్య దమయంతి అప్పటికే బ్యాడ్మింటన్‌లో జాతీయ ఛాంపియన్, అర్జున అవార్డు అందుకున్న క్రీడాకారిణి. అలా ఆచూకీ తెలియనివాళ్లు 54 మంది అని మన ప్రభుత్వ జాబితా. మా జైళ్లలో మీవాళ్లు ఎవరూ లేరంటుంది పాకిస్తాన్. ఆ కుటుంబాలవాళ్లు 1983లో, 2007లో అక్కడి జైళ్ల దాకా వెళ్లి వెతికారు. దశాబ్దాల పాటు ఆ పోరాటంలో ముందున్న మనిషి దమయంతి.

అదే మన ఊళ్లో అయితే ఎలా ఉంటుందో ఆలోచించండి. పోయాడని ఎవరూ చెప్పరు, వస్తాడనీ చెప్పరు. ఆవిడ బొట్టు ఉంచుకోవాలా, తీసేయాలా? పేరంటానికి పిలవాలా, మానాలా? ఇరుగుపొరుగు ఏళ్ల తరబడి దీని మీదే మాట్లాడుకుంటారు. ఉభాలకి (వరి నాట్లకి) కూలీల్ని పిలుచుకోవడం, పిల్లల ఫీజులు, అత్తమామల మందులు అన్నీ ఆవిడ నెత్తినే. యుద్ధం పద్నాలుగు రోజుల్లోపే అయిపోయింది అంటాం. ఆవిడకి ఎప్పుడు అయిపోయింది?

రాజాం మాస్టారు:
ఒక్క విషయం కలుపుతాను. ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ అంటే రన్‌వే ఒక్కటే కాదు, కుటుంబాలు కాపురముండే క్వార్టర్లు కూడా. 1971 డిసెంబరు 3 సాయంత్రం పాకిస్తాన్ విమానాలు పఠాన్‌కోట్, అమృత్‌సర్, అంబాలా, ఆగ్రా స్టేషన్ల మీదకే వచ్చాయి.

నాగావళి గట్టు:
కాదనను. మరి కన్నతల్లి మాటేమిటి? ఆవిడ పేరు ఎందుకు వద్దు?

పలాస కోడలు:
చెక్కించండి, రాయి చాలకపోతే ఇంకో రాయి తెద్దాం. నేను అడిగేది రెండే. 'ఫలానా వారి సతీమణి' అని కాకుండా ఆవిడ సొంత పేరు ఉండాలి. తర్వాత ఆవిడ మళ్లీ పెళ్లి చేసుకున్నా ఆ పేరు చెరపకూడదు.