బ్లాగు సర్దడంతోనే ఆదివారాలన్నీ అయిపోతున్నాయి, సింపుల్‌గా ఉండేదానికి మారిపోనా?

ఉప్పల్_పాతపుస్తకం:
అందరికీ నమస్తే. ఎనిమిదేళ్లుగా సొంత డొమైన్ (వెబ్ చిరునామా) మీద వర్డ్‌ప్రెస్ అనే బ్లాగు సాఫ్ట్‌వేర్‌లో రాస్తున్నాను, ఎక్కువగా ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద దొరికే పాత పుస్తకాల గురించి. మొన్న ఊరికే లెక్కేసుకుంటే ఏడాదిలో పోస్టు చేసినవి 6, డ్రాఫ్టుల్లో మూలుగుతున్నవి 34. మరి ఇన్ని ఆదివారాలు ఏం చేశానయ్యా అంటే థీమ్, అంటే సైట్ రూపు, మూడుసార్లు మార్చాను, అంతే.

పోయిన ఆదివారం సంగతి చెప్తా. ఒక పాత పంచాంగం దొరికింది, అంచుల్లో ఎవరో పాల లెక్క రాసుకున్నారు. దాని గురించి రాద్దామని పొద్దున ఏడింటికి చాయ్ పెట్టుకుని కూర్చున్నాను. లాగిన్ కాగానే 11 అప్‌డేట్లు. సరే ఇవి ముందు కానిద్దాం అని నొక్కితే ఏదో ప్లగిన్ (అదనంగా తగిలించుకునే సాఫ్ట్‌వేర్) తేడా కొట్టి సైట్ మొత్తం తెల్ల పేజీ! హోస్టింగ్ వాళ్లతో చాట్‌లో లొల్లి పెట్టుకుని, మా ఆవిడ అన్నానికి మూడోసారి పిలిచేసరికి సైట్‌ని మళ్లీ లేపాను, పంచాంగం మాత్రం మూసింది మూసినట్టే ఉంది.

రాసుకోవడానికి ఒక పెట్టె, పోస్ట్ అని ఒక బటన్, ఇంతే చాలు నాకు. బ్లాగులు పెట్టుకునే వాటిల్లో ఏది మేలు, బ్లాగరా, బేర్ బ్లాగా, హ్యూగోనా? పాతవి 140 పోస్టులున్నాయి, లింకులు పోతాయేమోనని టెన్షన్.

నైట్‌షిఫ్ట్ నర్సింగ్:
అన్నా, హ్యూగో జోలికి మాత్రం పోకు. మనం రాసిన ఫైళ్ల నుంచి సైట్ తయారుచేసే సాఫ్ట్‌వేర్ అది, ఫైళ్లు మామూలు టెక్స్టే, అప్‌డేట్ల గోల ఉండదు, అన్నీ నిజమే. కానీ నీ రోగమే నాకూ ఉంది కాబట్టి చెప్తున్నా, తేదీ ఏ ఫార్మాట్‌లో కనబడాలా అని నేను మూడు రాత్రులు కూర్చున్నా, అప్పటికి రాసిన పోస్టులు సున్నా. బేర్ బ్లాగ్‌లో సర్దడానికి పెద్దగా ఏమీ ఉండదు, అదే దాని గొప్ప.

వత్తులబాధితుడు:
లింకుల గురించి కొంచెం వివరంగా. మీ పోస్టుల చిరునామాలు తెలుగులో ఉన్నాయా? కంప్యూటర్ అక్షరాల్ని దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు అక్షరానికి 3 బైట్లు, వెబ్ చిరునామాలో ఒక్కో బైటూ % గుర్తుతో కలిపి 3 గుర్తులవుతుంది, అంటే అక్షరానికి 9. గుడి, సున్నా కూడా విడివిడిగా లెక్కే. ‘ఆదివారం’ ఒక్క మాటకే 63 అయిపోతాయి. వర్డ్‌ప్రెస్ 200 దగ్గర కోసేస్తుంది కాబట్టి పొడుగు శీర్షికలు మధ్యలో తెగిపోయి ఉంటాయి, చూసుకోండి. బ్లాగర్‌లో ఇంకో తమాషా, తెలుగు అక్షరాలన్నీ తీసేసి ‘బ్లాగ్-పోస్ట్’ అని ఒక అంకె తగిలిస్తుంది, మనమే పూనుకుని మార్చుకోకపోతే అన్నీ అవే పేర్లు. డొమైన్ మీదే కదా, అది వదలకండి. కొత్త చోట పాత చిరునామాలే పెట్టుకునే వీలుందా, లేకపోతే పాత లింకు నొక్కినవాళ్లని కొత్తదానికి పంపే 301 దారి మళ్లింపు ఉందా అని కట్టేముందే అడగండి.

ఇంకోటి, ఎక్స్‌పోర్ట్ చేస్తే వచ్చే ఎక్స్‌ఎంఎల్ ఫైల్లో ఫొటోలు ఉండవు, వాటి లింకులే ఉంటాయి. అప్‌లోడ్స్ ఫోల్డర్ విడిగా దింపుకోండి. పాత హోస్టింగ్ ఆపేశాక ఏడవడం దండగ.

(ఎక్కడికెళ్లినా లైన్ల మధ్య ఎడం 1.7 అయినా పెట్టండి, ఇంగ్లీషు కోసం చేసిన థీముల్లో మన వత్తులు కింది లైను గుడుల్లో దూరుతాయి. ఇది సర్దుడు కిందికి రాదు, అవసరం!)

చిక్కడపల్లి అత్తయ్య:
బాబూ, నేను 2007లో లేఖిని అనే తెలుగు టైపింగ్ సైటులో టైపు చేసి బ్లాగర్‌లో అతికించేదాన్ని, తెలుగు బ్లాగుల్ని ఒకచోట చూపించే కూడలిలో నా పోస్టు కనబడితే ఆ రోజంతా పండగే. ఇప్పటికీ అదే బ్లాగు, అదే రంగు, మా అమ్మాయి చూసి నవ్వుతుంది. నువ్వు ఎక్కడికి మారినా మారు గానీ, ఇల్లు మారేటప్పుడు వంట మానేస్తామా? 140 పోస్టులు మోసుకెళ్లే పని మొదలుపెడితే ఇంకో ఆరు నెలలు రాయవు. పాతవి ఉన్నచోట ఉండనీ. కొత్తది ఫోన్ నోట్స్‌లో రాసేయ్, ఎక్కడ పెట్టాలన్నది తర్వాత.

అసలు ఆ పాల లెక్కలో ఏముందో చెప్పనే లేదు?

ఉప్పల్_పాతపుస్తకం:
అత్తయ్య గారూ, మీరడిగారని ఇవాళ మెట్రోలో ఫోన్‌లోనే మొదలుపెట్టాను. ఉప్పల్‌లో నిలబడే టైపింగ్, సికింద్రాబాద్ ఈస్ట్‌లో సీటు దొరికింది, రాయదుర్గం వచ్చేసరికి నాలుగు పేరాలు. డొమైన్‌కి ముందు ఒక మాట తగిలించి సబ్‌డొమైన్ తీసుకుని బేర్ బ్లాగ్‌లో పెడతా, పాత సైట్ కదిలించను. ఫొటోల ఫోల్డర్ మాత్రం రాత్రే దింపేశాను, థాంక్స్ వత్తుల అన్నా.

పంచాంగం వికారి నామ సంవత్సరానిది, అంటే 1959. నయాపైసలు వచ్చి రెండేళ్లయినా ఆ ఇంటి లెక్క ఇంకా అణాల్లోనే నడుస్తోంది. కార్తీకంలో పది రోజులు వరసగా ఖాళీ, పక్కన పెన్సిల్‌తో ‘పాలాయన కూతురి పెళ్లి’ అని ఉంది. పదకొండో రోజు రెండు శేర్లు ఎక్కువ పోశాడు, డబ్బుల గళ్లో ఏమీ రాయలేదు.