లెక్కల క్లాసులో స్క్రాచ్: మార్కులు దేనికి వేయాలి?

లెక్కల టీచర్, ఉప్పల్:
ఏడో తరగతికి బహుభుజులను స్క్రాచ్‌లో, అంటే బ్లాకులు పేర్చి ప్రోగ్రాములు చేసే పిల్లల భాషలో, గీయిస్తున్నాను. కంప్యుటేషనల్ థింకింగ్‌కూ, అంటే సమస్యను కంప్యూటర్ చేయగల మెట్లుగా విడగొట్టి ఆలోచించడానికీ, మార్కులు వేయమంటున్నారు. డాక్టర్ స్క్రాచ్ అనే సాధనం ప్రోగ్రామ్‌ను ఏడు అంశాల్లో పరిశీలించి 21కి మార్కులు వేస్తుంది. అందరికీ ఒకటే కొలత. అది వాడితే తప్పేమిటి?

ఒక అమ్మ, కూకట్‌పల్లి:
తప్పే సార్. మా పాప బడిలో అదే వాడారు. పాప ఒక్క లూప్‌తో (అవే ఆదేశాలను మళ్లీ మళ్లీ చేయించడం), 360ని 6తో భాగించి షడ్భుజి గీసింది. పక్క పిల్లవాడు తన ప్రోగ్రామ్‌లో శబ్దాలు, బొమ్మల మధ్య మెసేజ్‌లు చేర్చాడు. ఎక్కువ మార్కులు అతనికే. ఇంట్లో ఒకటే ఏడుపు.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మాదాపూర్:
సింక్రనైజేషన్‌కు, అంటే ప్రోగ్రామ్‌లోని భాగాలు ఒకదానికొకటి వేళ కుదుర్చుకుని నడవడానికి, అందులో పాయింట్లున్నాయండీ. నేర్చుకున్నవాడికి రావాలి కదా.

ఒక అమ్మ:
షడ్భుజికి సింక్రనైజేషన్ ఎందుకు?

ఒక పెద్దాయన, నాచారం:
మా కాలంలో జామెట్రీ బాక్సు సరిపోయేది.

రిటైర్డ్ హెడ్మాస్టర్, తార్నాక:
స్క్రాచ్‌ను తయారుచేసిన బృందాన్ని నడిపిన రెస్నిక్, పరిశోధకురాలు బ్రెన్నన్‌తో కలిసి 2012లోనే రాశారు: ప్రాజెక్టు చూస్తే వాడిన బ్లాకులు తెలుస్తాయి, ఆలోచన తెలియదు. పిల్లలతో మాట్లాడాలి, లోపమున్న ప్రోగ్రామ్ ఇచ్చి సరిచేయించాలి. ఉదాహరణకు, త్రిభుజం గీయడానికి ప్రతి మూలలో 60 డిగ్రీలు తిప్పితే బొమ్మ మూసుకోదు, సగం షడ్భుజి వస్తుంది. తిప్పవలసింది బాహ్యకోణం, 120. ఒకరు ఆ కారణం పట్టుకుంటారు. ఇంకొకరు 70, 90, 110 అంటూ తడుముకుని 120 దగ్గర ఆగుతారు. చివరికి రెండు ప్రోగ్రాములూ ఒకేలా ఉంటాయి!

లెక్కల టీచర్:
అయ్యా, నలభై మందిని ఒక్కొక్కరిగా కూర్చోబెట్టి అడిగితే సిలబస్ ఎవరు పూర్తిచేస్తారు?

ఒక అమ్మ:
తీరిక లేకపోతే మార్కులు వేయకండి.

లెక్కల టీచర్:
మేడమ్, మీ బాధ కొలత గురించి కాదు. మీ పాపకు మార్కులు తగ్గాయని.

ఒక అమ్మ:
అవును! తగ్గింది లెక్కల్లో. లెక్క తెలిసిన పిల్లకు ప్రోగ్రెస్ కార్డులో లెక్కల మార్కు ఎందుకు తగ్గాలి? కంప్యూటర్ మార్కు కంప్యూటర్ కిందే వేయండి.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగి:
విడదీస్తే ప్రోగ్రామింగ్‌ను ఎవరూ పట్టించుకోరు. మార్కు లేని పనిని ఈ ఊళ్లో ఏ ఇంట్లో చేయనిస్తారు?

లెక్కల టీచర్:
అయితే 60 పెట్టిన త్రిభుజం ప్రోగ్రామే ఇస్తాను. బొమ్మ ఎందుకు మూసుకోలేదో కాగితం మీద రెండు వాక్యాలు రాయాలి. నలభై కాగితాలు దిద్దగలను. ఆ మార్కు లెక్కలకే. శబ్దాలకు, మెసేజ్‌లకు నేను వేయను.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగి:
ఇతరుల తప్పు పట్టుకోవడం వేరు, సొంతంగా కట్టడం వేరు సార్. కట్టిన పిల్లవాడికి మార్కు ఎక్కడ? నేను ఒప్పుకోను.